ఆ అరుపుకు కూలి ఎవరిస్తున్నారు?

పాఠకుల ప్రశ్నలు – చిన్న కుక్కల గోల

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ కలిపి చూస్తే సగానికి పైగా చిన్న కుక్కల మీదే. పామ్ (పామరేనియన్), షిజు, పగ్, డాక్స్ (డాక్స్‌హుండ్), అవే పేర్లు. పెద్ద కుక్కల మీద ఒక్క కంప్లైంటూ లేదు. అంటే పెద్దవన్నీ బుద్ధిమంతులని కాదు, ముప్పై కేజీల ల్యాబ్రడార్ గుర్రుమంటే ఇంట్లో అందరికీ గుండె జారి మొదటి రోజే ఏదో ఒకటి చేస్తారు, అదే మూడు కేజీలది గుర్రుమంటే మనం నవ్వి ఫోన్ తీసి స్టేటస్ పెడతాం. రెండేళ్లు నవ్వి మూడో ఏడు నాకు ఉత్తరం రాస్తారు. నేను డాక్టర్ని కాను, ముందే చెప్తున్నా. కర్నూల్లో ముప్పై ఏండ్లుగా చిన్న కుక్కల్తో కాపురం చేస్తున్నదాన్ని, కరిపించుకున్నా, సోఫాలు పోగొట్టుకున్నా, నాకు తెలిసింది చెప్తా.

ప్రశ్న: అక్కా, మాది పామ్, పేరు స్నోయి, రెండేండ్లు. గేటు దగ్గర ఆకు కదిలినా అరుపే. పాలాయన, కొరియర్ పిల్లోడు, పక్కింటోళ్ల స్కూటీ, ఏదీ వదలదు. కింద ఓనర్లు ఉంటారు, ఇట్లయితే ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. అరిస్తే షాక్ కొట్టే బెల్టు ఒకటి ఆన్‌లైన్లో చూసినా, కొనమంటారా? – ఒక చెల్లి, కర్నూలు

జవాబు: కొనొద్దమ్మా. కొంటే ఏమవుతుందో చెప్తా. గేటు దగ్గర పాలాయన కనపడతాడు, మెడ దగ్గర చురుక్కుమంటుంది. అరిచినందుకు చురుక్కుమంది అని స్నోయి లెక్క కట్టదు, పాలాయన వస్తే నొప్పి వస్తుంది అని కట్టుకుంటుంది. ఇప్పటిదాకా ఉత్త అరుపు, రేపు పాలాయన పిక్క.

అసలు అది ఎందుకు అరుస్తుందో ఒక్కరోజు కూర్చొని చూడండి. కొరియర్ పిల్లోడు వచ్చినాడు, స్నోయి అరిచింది, కొరియర్ పిల్లోడు వెళ్లిపోయినాడు. ఆ పిల్లోడు వెళ్లింది వాడికి ఇంకా నలభై పార్శిళ్లు ఇచ్చేది ఉండి, కానీ స్నోయికి పార్శిళ్ల సంగతి ఏం తెలుసు, నేను తరిమేసినా అనుకుంటుంది. రోజుకు పదిసార్లు గెలుస్తున్న యుద్ధం ఎవరైనా మానుకుంటారా. అదే దానికి దక్కే కూలి. కుక్క చేసే ప్రతి పాడు పనికీ ఎక్కడో ఒకరు కూలి ఇస్తూనే ఉంటారు, ఎవరిస్తున్నారో కనుక్కోకుండా కుక్కను తిట్టి లాభం లేదు.

మీ వంతు కూలి కూడా ఉంది. వంటింట్లోంచి మీరు గమ్మునుండే, గమ్మునుండు అని గొంతు చించుకుంటారు కదా, దానికి తెలుగు రాదు, ఓహో అమ్మ కూడా నాతో పాటు మొరుగుతోంది అనుకొని ఇంకో నాలుగు వేసుకుంటుంది. కొందరు నోరు మూయించడానికి బిస్కెట్ పడేస్తారు, అది నేరుగా చేతికి కూలి ఇచ్చినట్టే.

ముందు దానికి ఆ సినిమా కనపడకుండా చేయండి. గేటు కంతల్లోంచి, కిటికీలోంచి రోడ్డు కనపడే చోట ఒక షీటు కట్టేయండి, సగం అరుపులు ఆ రోజే తగ్గుతాయి, ఇది నేను చేసి చూసినదే. తర్వాత బెల్లు పని. మధ్యాహ్నం ఎవరూ రాని టైం చూసుకొని, ఉప్పు కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్కల్ని శనగగింజంత చేసి గిన్నెలో పెట్టుకోండి. తలుపుకు దూరంగా ఒక పాత బొంత వేయండి. మొదటి రెండు రోజులు బెల్లు జోలికే పోవద్దు, బొంత మీద కాలు పెడితే ముక్క, కూర్చుంటే ముక్క, అంతే, బొంత అంటే చికెన్ అంగడి అని దానికి ఎక్కాలి. తర్వాత మీ ఇంటి బెల్లును ఫోన్లో రికార్డ్ చేసి మెల్లగా, చాలా మెల్లగా వినిపించండి, వెంటనే బొంత మీద ముక్క. అరవకుండా బొంత వైపు చూస్తోంది అంటే రవ్వంత సౌండు పెంచండి. అరిచిందంటే మీరు తొందరపడినట్టు, వెనక్కి రండి. పది పదిహేను రోజులకు పిల్లోణ్ని బయటికి పంపించి నిజం బెల్లు కొట్టించండి. మా ఇంట్లో ఈ పని చేసినప్పుడు మా వాడు బెల్లు కొట్టి కొట్టి వేలు నొప్పి అన్నాడు, వాడికీ ఒక చికెన్ ముక్క ఇవ్వాల్సొచ్చింది.

ఒకటి గుర్తు పెట్టుకోండి. కూలి ఆపేస్తే మొదట గొడవ పెరుగుతుంది, డబ్బులియ్యని మేస్త్రీ ఇంటి ముందుకు కూలోళ్లు వచ్చి కేకలేసినట్టు. మూడో రోజో నాలుగో రోజో స్నోయి ముందుకంటే గట్టిగా అరుస్తుంది, ఆ రోజు మీరు ఇది అయ్యే పని కాదు అని బిస్కెట్ పడేసినారో, ఓహో ఇంతసేపు అరిస్తే ఇస్తారన్నమాట అని నేర్చుకుంటుంది, అప్పుడు నిజంగానే ఇల్లు ఖాళీ చేయాలి.

ఇంకో మాట, స్నోయి పామ్ కాకపోవచ్చు. అసలు పామరేనియన్ రెండు మూడు కేజీలే ఉంటుంది, మనవైపు ఆ పేరుతో అమ్మేవి ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్‌లు. విక్టోరియా రాణి 1888లో ఇటలీ పోయి చిన్న సైజు పామ్‌ను తెచ్చుకున్నాక వాటికి ఫ్యాషన్ పట్టుకొని ఇంకా ఇంకా చిన్నవి చేసుకుంటూ పోయినారు, అంతకు ముందు ఈ స్పిట్జ్ కుటుంబంలో చాలావరకు కాపలాకు, మంచు మీద బండ్లు లాగడానికి ఉన్నవే. కాబట్టి నోరే లేని కుక్క కావాలంటే కుదరదు. రెండు అరుపులు అరిచి మీ మొహం చూసి బొంత మీదికి పోతే మీరు గెలిచినట్టే, ఓనర్లకూ ఆ మాట చెప్పండి, ప్రయత్నం చేస్తున్నాం అని తెలిస్తే మనుషులు కొంచెం మెత్తబడతారు.

ప్రశ్న: మేడమ్, మా షిజు లడ్డుకు నాలుగేండ్లు. నా ఒళ్లో ఉన్నప్పుడు మా ఆయన పక్కన కూర్చోబోతే గుర్రుమంటాడు. మా ఆయన బంగారంగట్లో పని, రాత్రి పదికొచ్చి సోఫాలో కూలబడాలంటే వీడి పర్మిషన్ కావాలి. మొన్న దించబోతే చెయ్యి పట్టేసినాడు, రక్తం రాలేదు, పండ్ల గాటు కూడా పడలేదు. యజమాని ఎవరో వానికి చూపించాలి, వెల్లకిలా పడేసి అదిమి పట్టుకోవాలి అని యూట్యూబ్‌లో చూసి మా ఆయన రెడీగా ఉన్నాడు, మా అత్త ఒక్కటి పీకితే సరి అంటుంది. – ప్రొద్దుటూరు నుంచి ఒక గృహిణి

జవాబు: ముందు మీ ఆయన్ని ఆపండి. వెల్లకిలా పడేసి నాయకుడెవరో చూపించే పద్ధతి తోడేళ్ల మీద జరిగిన పాత పరిశీలనల్లోంచి పుట్టింది, అవి కూడా ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒక దొడ్లో వేసి చూసినవి. 1970లో ఆ మాటను పుస్తకంలో రాసి జనాల్లోకి తీసుకపోయిన డేవిడ్ మెచ్ అనే అమెరికా సైంటిస్టే తర్వాత అడవిలో ఏండ్ల తరబడి చూసి అది తప్పు, అడవిలో తోడేళ్ల గుంపు అంటే అమ్మా నాన్నా పిల్లలు, అంతే, అని చెప్పినాడు. ఆయన మానుకున్నా యూట్యూబ్ మానుకోలేదు.

మీ అత్తకు చెప్పండి, గుర్రుమనడం అంటే హారన్. హారన్ కొట్టినందుకు కొడితే కుక్క హారన్ పీకేసుకుంటుంది, కోపం మాత్రం అట్లే ఉంటుంది, రేపు హారన్ లేని లారీ మాదిరి నేరుగా మీదికొస్తుంది. చెప్పా పెట్టకుండా కరిచింది అని నాకు రాసే వాళ్లల్లో చాలామంది అంతకు ముందు గుర్రుమన్నందుకు కొట్టిన వాళ్లే.

నాకు ఇంకో అనుమానం ఉంది. ఇది ఎప్పట్నుంచి? పుట్టినప్పట్నుంచీ లేకుండా ఈ మధ్యే మొదలైతే నొప్పి చూడాలి. చిన్న కుక్కలకు చిన్న నోట్లో అన్ని పండ్లూ ఇరుక్కొని పాచి పట్టి చిగుళ్లు తొందరగా పాడవుతాయి, ఇంకా మోకాలి చిప్ప జారే జబ్బు చిన్న జాతుల్లో ఎక్కువ, నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఒకటి రెండు అడుగులు ఎత్తి కుంటి మళ్లీ మామూలుగా పోతుంటే అదే అనుకోండి. దించబోయినప్పుడే పట్టేసినాడు అన్నారు చూడండి, అందుకే అడుగుతున్నా. షిజులకు కండ్ల మీద వెంట్రుకలు పడి పక్కనుంచి వచ్చే చెయ్యి కూడా కనపడదు, ఉలిక్కిపడి పట్టేస్తాయి. మీ ఊర్లోనే పశువైద్య కళాశాల ఉంది, అక్కడో మీరు మామూలుగా పోయే డాక్టర్ దగ్గరో నోరూ మోకాళ్లూ చూపించి ఆ తర్వాత నా మాట వినండి.

నొప్పేమీ లేదంటే మళ్లీ కూలి లెక్క. లడ్డు గుర్రుమంటాడు, మీ ఆయన వెనక్కి పోతాడు, మీరేమో అయ్యో నాన్నా అని వీపు నిమురుతారు. నిమురుతారా లేదా, నిజం చెప్పండి. రెండు కూలీలు ఒకే పనికి.

రేపట్నుంచి మీ ఆయన రాత్రి లోపలికి రాగానే సోఫా దగ్గరికి రాకుండా దూరం నుంచే ఒక ముక్క లడ్డు ముందు పడేసి అటే బాత్రూమ్‌కి పోవాలి. పలకరించొద్దు, తల నిమరొద్దు. వారం పది రోజుల్లో బండి చప్పుడు వింటే లడ్డు తోక ఆడిస్తాడు, అప్పుడు ఒక అడుగు దగ్గరికి, ఇంకో వారానికి ఇంకో అడుగు. సోఫా మీదనుంచి చేత్తో దించడం బంద్, ‘దిగు’ అని ముక్క కిందికి విసిరితే వాడే దూకుతాడు, రోజుకు ఐదారుసార్లు ఆటగా చేయిస్తే పది రోజుల్లో ఉత్త మాటకే దిగుతాడు. ఒళ్లో ఉన్నప్పుడు గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు, మీరు లేచి నిలబడండి, అంతే, ఒళ్లో సీటు మాయం. మీ ఆయన అన్నం పెట్టి, వాకింగ్‌కు తీసుకపోతే ఇంకా తొందరగా పని అవుతుంది, అలసిపోయి వచ్చినా ఒక్క నెల ఓపిక పట్టమనండి. సోఫా ఆయన కొన్నదే కదా.

ప్రశ్న: 40 రోజుల పామ్ పిల్లను తెచ్చినాం, ఇప్పుడు రెండున్నర నెలలు. ఇల్లంతా ఒంటేలు. మా ఇంట్లో కడప బండలు, ఎంత కడిగినా వాసన పోవట్లేదు. మా అవ్వ దాని మూతి ఒంటేల్లో రుద్దితే బుద్ధొస్తుంది అంటుంది. ఇంకా చేతులు కాళ్లు కొరికి పెడుతోంది. – ఒక కాలేజీ అబ్బాయి, అనంతపురం

జవాబు: అబ్బాయీ, మూతి రుద్దితే దానికి అర్థమయ్యేది ఒక్కటే, వీళ్ల ముందర ఒంటేలు పోస్తే ప్రమాదం, మంచం కిందికి పోయి పోయాలి. ఆ తర్వాత నువ్వు మంచం కింద దూరి కడుక్కుంటుంటావు.

రెండున్నర నెలల పిల్ల ఎంతసేపు ఆపుకోగలదు చెప్పు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలుపుకో, గట్టిగా అన్ని గంటలు, అదీ నిద్రలో. మెలకువగా ఉంటే గంటకోసారి తీసుకపోవాల్సిందే. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ఆపగానే, ఈ మూడూ తప్పొద్దు. గుండ్రంగా తిరుగుతూ నేల వాసన చూస్తోందంటే ఎత్తుకొని పరిగెత్తు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా రోడ్డు మీదికి దించొద్దు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే పిల్ల దక్కడం కష్టం, మీ మిద్దె మీద ఒక మూల మట్టి ట్రే పెట్టుకో, ఎప్పుడూ ఒకే మూల. పోసిన క్షణంలో, లోపలికొచ్చినాక కాదు, అక్కడే ముక్క ఇచ్చి మెచ్చుకో. ఎండాకాలం మిద్దె మీదికి తీసుకపోయేటప్పుడు ముందు నీ అరచేయి వెనక భాగం నేల మీద ఐదు సెకన్లు పెట్టి చూడు, నువ్వు ఆపుకోలేకపోతే దాని పాదాలు కూడా ఆపుకోలేవు.

వాసన సంగతి. కుక్క ముక్కుకు పాత వాసన దొరికిందంటే అదే బాత్రూమ్. ఫినాయిల్ మన ముక్కును మోసం చేస్తుంది గానీ దాని ముక్కును కాదు, పైగా తడి ఫినాయిల్ మీద నడిచి పాదాలు నాకితే విషం. నెట్‌లో వెనిగర్ పోయమని చెప్తారు, కడప బండ మీద పోయొద్దు నాయనా, అది సున్నపురాయి జాతి, వెనిగర్, నిమ్మకాయ, యాసిడ్ ఏది పడినా నల్ల బండ మీద తెల్ల మచ్చ పడుతుంది, మీ నాయన నిన్నూ కుక్కనూ కలిపి బయటికి పంపిస్తాడు. పెంపుడు జంతువుల ఒంటేలు మరకలకని ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి, లేబుల్ మీద రాయి నేలకు పనికొస్తుందా చూసి తెచ్చుకో. బండల మధ్య సందుల్లోకి ఇంకేలా పోసి కాసేపు వదిలెయ్, వాసనంతా ఆ సందుల్లోనే ఉంటుంది.

కొరకడం గురించి. 40 రోజులకే తల్లి దగ్గర్నుంచి లాగేసినారు కదా, 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం పెట్టిన బ్రీడింగ్ నిబంధనల్లోనే ఉంది, ఎవరు పట్టించుకుంటున్నారు. ఆ వారాల్లో అన్నదమ్ములు కలిసి కొరుక్కుంటూ, గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుంది అని నేర్చుకుంటాయి. ఆ పాఠం ఇప్పుడు నువ్వు చెప్పాలి. పన్ను చర్మానికి తగలగానే చెయ్యి గుంజుకోకుండా, గుంజితే అది ఆటవుతుంది, కదలకుండా ఆగు, లేచి పక్క గదిలోకి పోయి అర నిమిషం తలుపేసుకో. వచ్చి నమిలే బొమ్మ ఇవ్వు. రోజుకు ఇరవైసార్లు చేయాల్సి రావొచ్చు. మీ అవ్వకు కూడా చెప్పు, కొంగు పట్టుకుంటే ఛీ ఛీ అని ఆమె ఊపుతుంటే దానికి జాతర.

ప్రశ్న: మా పగ్ తన దొడ్డికి తానే తింటోంది. ఏం చేయాలి? – కడప

జవాబు: అది పోయిన వెంటనే ఎత్తేయండి, అదే పెద్ద మందు. కడుపులో నులిపురుగులకు మందు ఇచ్చి ఎన్నాళ్లయిందో చూసుకోండి, తిండి సరిపోతోందా చూడండి. మీరు అరుస్తూ దాని మీదికి పరిగెత్తొద్దు, మీకంటే ముందు మింగెయ్యాలని ఇంకా బిన్నా తింటుంది.

ప్రశ్న: నమస్తే అమ్మా, నేను రైల్వేలో పని చేస్తా, మా ఆవిడ టీచర్. ఇన్నాళ్లూ మా నాయన ఇంట్లో ఉండేవాడు, జూలీ (స్పిట్జ్, ఆరేండ్లు) ఆయన మంచం కిందే. పోయిన ఏడు నాయన కాలం చేసినాడు. ఇప్పుడు మేమిద్దరం పోతే సాయంత్రం దాకా ఏడుపు, తలుపు కింద చెక్క గీకి గీకి గోరు ఊడింది. ఇంటికొచ్చినాక తిడితే తప్పు చేసినట్టు మొహం పెడుతుంది, మళ్లీ రేపు అదే. – గుంతకల్లు

జవాబు: చదివి మనసు ఒక మాదిరిగా అయిపోయింది. ఆ మొహం తప్పు చేసిన మొహం కాదు సామీ, మీ గొంతు చూసి భయపడిన మొహం. మీరొచ్చేసరికి అది గీకి గంటలైపోయుంటుంది, మీరు దేనికి తిడుతున్నారో దానికి తెలీదు, మీరు రావడం కూడా భయమే అని మాత్రం నేర్చుకుంటుంది. తిట్టడం ఇవాళే ఆపండి.

ఒక పాత ఫోన్ ఇంట్లో పెట్టి వీడియో తీయండి. గంట రెండు గంటలు నిద్రపోయి తర్వాత లేచి చెప్పు కొరుకుతోందంటే అది విసుగు, బొమ్మలూ పొద్దున మంచి వాకింగూ ఉంటే సరిపోతుంది. మీరు గడప దాటిన పది నిమిషాల్లోపే చొంగ కారుస్తూ, వగరుస్తూ, తలుపు మీద పడుతోందంటే అది భయం. గోరు ఊడేదాకా గీకింది అంటే నేను రెండోదే అనుకుంటున్నా. ఇక్కడ కూలి లెక్క పనికిరాదు, ఎవరూ దానికి ఏమీ ఇవ్వట్లేదు, అది లాభం కోసం చేస్తున్న పని కాదు.

సెలవు రోజు మొదలుపెట్టండి. తాళం చెవులు తీసుకోండి, మళ్లీ పెట్టేసి కూర్చోండి. బూట్లు వేసుకోండి, టీవీ చూడండి. చెవుల గలగలకు అది తలెత్తడం మానేసేదాకా రోజుకు పదిసార్లు. ఆ తర్వాత గడప దాటి పది సెకన్లు, లోపలికి రండి, ఏమీ మాట్లాడొద్దు. ఇరవై సెకన్లు. నిమిషం. భయపడకముందే తిరిగి రావడమే కిటుకు, ఏడ్చినాక వస్తే లేటైనట్టు. అరగంట దాకా తీసుకపోవడానికి వారాలు పడుతుంది, నెలలూ పట్టొచ్చు, ఒకరోజు వెనక్కి కూడా పోతుంది. ఈ లోపల పనికి పోయే రోజుల్లో దాన్ని ఒంటరిగా వదలకుండా చూడండి, క్వార్టర్స్‌లో పగలు ఇంట్లో ఉండే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటారు, నెలకు కొంత ఇచ్చినా తప్పులేదు, జూలీకి మంచం కింద పడుకోవడం వచ్చు కదా, ఇంకో పెద్దాయన మంచం చాలు. మీ నాయన దుప్పటి గానీ పాత పంచ గానీ ఉతక్కుండా ఉంటే దాని పడకలో వేయండి.

దీనికి డాక్టర్లు రాసే మందులు కూడా ఉన్నాయి, వాడటానికి సిగ్గుపడాల్సిన పని లేదు, మందు ఒక్కటే సరిపోదు గానీ ఈ ప్రాక్టీసుకు దారి ఇస్తుంది. మనుషుల నిద్రమాత్ర సగం విరిచి వేయడం మాత్రం వద్దు. ఇంకోటి, మన ఎండల్లో కరెంటు పోయి మూసిన ఇంట్లో భయంతో వగరుస్తున్న కుక్కకు వడదెబ్బ తగలడం ఎంతసేపు, వెంటిలేషన్ చూసుకోండి, నీళ్లు రెండు చోట్ల పెట్టండి.

ప్రశ్న: మా అన్న కూతురు నాలుగేండ్ల పాప మా పామ్‌ను కౌగిలించుకోబోతే బుగ్గ మీద కరిచింది, రవ్వంత రక్తం వచ్చింది. పసుపు పెట్టినాం. మా కుక్కకు టీకాలు వేసినాం కదా పర్లేదా? కుక్కను ఎవరికైనా ఇచ్చేయమని మా వదిన గొడవ. – కడప

జవాబు: ఈ ఉత్తరం రాగానే వీళ్లకు ఫోన్ చేసి చెప్పేసినా, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా. కుక్క సంగతి తర్వాత, పాప ముందు. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు, కాఫీ పొడి, ఏదీ పెట్టొద్దు. కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి 15, పాప ఏడ్చినా సరే. అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. రక్తం వచ్చింది, అదీ మొహం మీద, కాబట్టి రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలా అన్నది డాక్టర్ చూస్తారు. చర్మం పొరలో ఇచ్చే టీకా అయితే 0 (మొదటిది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు, మొదటిది వేసి పాప బాగానే ఉంది కదా అని మిగతావి మానేయొద్దు. ఇంటి కుక్క, టీకాలు వేసిన కుక్క, అయినా డాక్టర్ చూడకుండా మీరు నిర్ణయం చేయొద్దు. కుక్కను పది రోజులు కళ్ల ముందే పెట్టుకొని గమనించాలి, కానీ పది రోజులు చూద్దాం అని పాపకు టీకా ఆపొద్దు. రేబిస్ లక్షణాలు మొదలైతే బతికించడం దాదాపు కుదరదు, అందుకే ఇంత గట్టిగా చెప్పేది.

ఇప్పుడు కుక్క. అది కరిచేముందు ఏమీ చెప్పలేదు అనుకుంటున్నారు, చెప్పే ఉంటుంది. మా ఇంట్లో ఇట్లే అయింది. మా చెల్లెలి కొడుకు మా బుజ్జి మెడ చుట్టూ రెండు చేతులు వేసి పట్టుకుంటే అందరం ఎంత ముద్దుగా ఉందో అని ఫొటో తీసినాం. తర్వాత ఆ ఫొటో పెద్దగా చేసి చూస్తే నాకు సిగ్గేసింది. బుజ్జి మొహం పక్కకు తిప్పుకొని ఉంది, కంటి తెల్లగుడ్డు అర్ధచంద్రం మాదిరి కనపడుతోంది, చెవులు వెనక్కి అతుక్కపోయినాయి, నాలుక కొస ముక్కు మీద. నోరున్న మనిషయితే వదలండ్రా అని అరిచేది. ఫొటో తీసిన రెండో నిమిషంలో గుర్రుమంది, అదృష్టం బాగుండి అంతటితో పోయింది. ఆవలించడం, పెదాలు నాకడం, ఒళ్లు కర్ర మాదిరి బిగుసుకోవడం, లేచి పక్కకు పోవడం, ఇవన్నీ వద్దు అని చెప్పడమే. కౌగిలింత మనకు ప్రేమ, దానికి ఉచ్చు.

ఇచ్చేయాలా వద్దా అనేది మీ ఇంటి సంగతి, ఒక డాక్టర్‌కు చూపించి నొప్పేమైనా ఉందేమో చూసినాక ఆలోచించండి. ఉంచుకుంటే మాత్రం పాప ఉన్నప్పుడు పెద్దవాళ్లు అదే గదిలో ఉండాలి, చూస్తూ ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. లేకపోతే మధ్యలో ఒక గేటు. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు పాప దాని తావకు పోగూడదు. పాప చేత్తో ముక్క తినిపించి దోస్తీ చేయిస్తాం అని తొందరపడొద్దు, నేల మీద విసిరితే చాలు.

ప్రశ్న: వాకింగ్‌లో వీధి కుక్క కనపడితే మా చిట్టి చివావా పులి అయిపోతుంది. నేను ఎత్తుకుంటా, ఇంకా ఎక్కువ చేస్తుంది. – నంద్యాల

జవాబు: ఎత్తుకుంటే దానికి మూడడుగుల సింహాసనం దొరికినట్టే, కానీ నిజంగా వీధి కుక్క మీదికొస్తే ఎత్తుకోవాల్సిందే, ఎవరేమన్నా సరే. మామూలు రోజుల్లో పని దూరంతో చేయండి. అరుపు మొదలయ్యే దూరం ఎంతో చూసుకోండి, యాభై అడుగులా, ముప్పైయా, దానికంటే కొంచెం ఎక్కువ దూరంలో ఆగి వీధి కుక్క కనపడగానే ముక్క, కనపడకుండా పోగానే ముక్కలు బంద్. అది భయంతో అరుస్తోంది, పొగరుతో కాదు. మెడ పట్టీకి గొలుసు కట్టి లాగుతుంటే అది మార్చేయండి, చిన్న జాతుల్లో గొంతు గొట్టం మెత్తబడే జబ్బు ఉంటుంది, లాగే కొద్దీ బాతు మాదిరి దగ్గు మొదలవుతుంది, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కొనండి. వీధి కుక్కలకు అన్నం పెట్టే టైం మీ వీధిలో ఎప్పుడో కనుక్కొని ఆ టైం తప్పించండి.

ప్రశ్న: మాది మగ్గం పని. ఐదు నెలల డాక్స్ పిల్ల, పేరు మోతీ. పట్టు నూలు కండెలు ఎత్తుకపోయి నములుతుంది. ఈ మధ్య ఒక చీర పేక అంతా చిక్కు చేసి పెట్టింది. కారం పూస్తే మానుకుంటుందా? – ధర్మవరం

జవాబు: కారం పూస్తే ఆ కారం మీ చీరకే అంటుతుంది. నాకు చీర కంటే మోతీ కడుపు మీద భయం. దారం మింగితే ఒక కొస నాలుక కిందో కడుపులోనో తట్టుకొని ఇంకో కొస పేగుల్లోకి పోయి పేగును కుచ్చులు పట్టినట్టు ముడుచుకపోయేలా చేస్తుంది, పట్టు దారం తొందరగా తెగదు కూడా. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు, లాగితే లోపల కోసుకపోతుంది, నేరుగా డాక్టర్ దగ్గరికి. కక్కుకుంటూ, తినకుండా ముడుచుకొని పడుకున్నా అంతే.

ఐదు నెలలు అంటే పాల పండ్లు ఊడి కొత్తవి వచ్చే కాలం, చిగుళ్లు సలపరంగా ఉంటాయి, ఏది మెత్తగా ఉంటే అది నములుతుంది. పాత గుడ్డ తడిపి లావుగా ముడేసి ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక ఇవ్వండి, మీ కళ్ల ముందు మాత్రమే, పోగులు లేస్తే తీసేయండి. క్యారెట్ కూడా పెట్టి చూడండి. కండెల బుట్ట మీ నడుమెత్తుకు పెట్టండి, డాక్స్‌కు కాళ్లు పొట్టి, అది మీకు దేవుడిచ్చిన సాయం. మగ్గం గుంటకు అడ్డంగా ఒక పలక పెట్టండి, గుంటలోకి దూకీ ఎక్కీ దాని పొడుగు వెన్ను పాడవుతుంది, ఆ జాతికి డిస్కు జారే జబ్బు బాగా ఎక్కువ. గుంట చూస్తే దూరాలనిపించడం దాని తప్పు కాదులెండి, జర్మనీలో బొరియల్లోకి దూరి బ్యాడ్జర్ అనే జంతువుల్ని పట్టడానికే ఆ ఆకారం చేసినారు, పెరట్లో ఒక మూల ఇసుక పోసి దాంట్లో నాలుగు శనగగింజంత చికెన్ ముక్కలు పాతిపెడితే పూట గడిచిపోతుంది.

చిన్న జాతుల్లో పాల కోరలు ఊడకుండానే పక్కన కొత్త కోరలు మొలుస్తుంటాయి. ఏడో నెలకు కూడా కోరపండ్లు జంటగా కనపడితే ఫొటో తీసి డాక్టర్‌కు చూపించండి. నాక్కూడా ఒకటి పంపండి, మోతీ ఎట్లుందో చూడాలనుంది.